దాహం వేయని విజేత

"బ్రోల్ గారూ, నా కొంప మునిగిందండీ!" అంటూ గిజెలా తలుపు తోసుకుని వచ్చేసరికి, డిటెక్టివ్ లుద్విక్ బ్రోల్ తన సహాయకుడు అల్ఫ్రెద్‌తో కాఫీ తాగుతున్నాడు.

పావురాల పందెంలో ఓడితే, చనిపోయిన తండ్రి పెంచిన పక్షులన్నీ పోటీదారు కోకోట్‌కి ఇచ్చేస్తానని ఆమె రూదా ఊరి గనికార్మికుల క్లబ్బులో అందరి ముందూ మాటిచ్చింది. కోకోట్ పక్షి మొదట వచ్చింది, ఆమెది రెండోది. పక్షి కాలి కడియంలోని చిప్పును గూటి గడప మీది పలక పసిగట్టి కూతపెట్టి, టైము నమోదు చేసింది. ఇక కాదనడానికేముంది?

"ఈ ఎండలో, ఈ ఎదురుగాలిలో అంత తొందరగానా? పైగా నిన్న పక్షుల్ని దూరం తీసుకెళ్ళి వదిలే లారీ బుట్టల్లోకి ఎక్కించింది ఆ కోకోటేనండీ."

ముగ్గురూ కోకోట్ పెరట్లోకి వెళ్ళేసరికి క్లబ్బు పెద్దలు బీరు గ్లాసులెత్తుతున్నారు. గెలిచిన పావురం కోకోట్ భుజమెక్కి కూర్చుంది. పక్కనే ఉన్న నీళ్ళ గిన్నెను కన్నెత్తి కూడా చూడలేదు.

"చిప్పు అబద్ధమాడుతుందా, డిటెక్టివ్ బాబూ?" అన్నాడు కోకోట్ వెటకారంగా.

"ఆడదు. దీనికి మేత పెట్టారా?"

"తనిఖీ కాకుండానా? ఒక్క గింజ వేస్తే ఒట్టు!"

బ్రోల్ పావురాన్ని అందుకుని మెడ కింద నిమిరి, అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"నిన్న ఈ పక్షి చిప్పు చదివించాక కోకోట్ దీన్ని కోటులో దాచి, బుట్టలో ఇంకోదాన్ని పెట్టాడు. ఇవాళ దీన్ని పలక మీద నడిపించాడు. గడప దాటిందని చిప్పు చెప్పింది, ఎగిరొచ్చిందని చెప్పలేదు. పొద్దుట్నుంచి ఎగిరిన పక్షికి దాహం వెయ్యదా? మెడ కింద సంచి నిండా బఠాణీలు! ఆకలితో ఉంచడానికి మనసొప్పలేదు కదూ, కోకోట్?"

"రుజువేదీ?" అన్నాడు కోకోట్.

"బుట్టలో వెళ్ళిందీ మీ గూటి పక్షే. ఇంటికి రాక ఎక్కడికి పోతుంది? ఆగుదాం."

గ్లాసులు కిందికి దిగాయి. అందరూ ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారు.

"అదిగో సార్!" అని అల్ఫ్రెద్ అరిచాడు. ఒక బూడిదరంగు పావురం గూటి గడప మీద వాలింది. కాలికి చిప్పు కడియం లేదు, పలక కూత పెట్టలేదు. పక్షి ఎగిరొచ్చి నీళ్ళ గిన్నెలో ముక్కు ముంచింది.

అందరికన్నా ముందు పరుగెత్తింది కోకోటే. "మెల్లిగా తాగు తల్లీ, పొలమారుతుంది," అన్నాడు అలవాటుగా. ఆ మాట తన నోటివెంటే వచ్చిందని గ్రహించి తల దించుకున్నాడు.

క్లబ్బు అధ్యక్షుడు గెలుపు కప్పును గిజెలా చేతుల్లో పెట్టాడు. కాలనీ అంతా ఈలలు, చప్పట్లు. అల్ఫ్రెద్ ఆనందం పట్టలేక బ్రోల్‌ని కావలించుకున్నాడు.

గిజెలా కప్పు పైకెత్తి, "నాన్న పావురాలు నా దగ్గరే ఉంటాయి!" అని వీధి చివరికి వినపడేలా కేకేసింది.