ఐదూ నలభై ఐదుకి లేచే కారు

గురువారం ఉదయం 6.50. అమలాపురం అవతల కాలవ లాకుల దగ్గర ఇనుప ఊచలకి తగిలి ఒక శవం ఆగింది.

తెల్ల చొక్కా. జేబులో రెండు పెన్నులు, కారు తాళం. నుదుటి మీద లోతైన దెబ్బ.

ఎస్సై రేచల్‌కి ఆ మనిషి పేరు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. రిటైర్డ్ హెడ్మాస్టర్ దానం గారు. పదో తరగతిలో ఆమెకి లెక్కలు చెప్పింది ఆయనే. జవాబు ఒప్పే అయినా మధ్యలో స్టెప్పులు లేకపోతే సున్నా వేసేవారు. ఆ సున్నాలంటే రేచల్‌కి ఇప్పటికీ భయమే.

లాకులకి అరకిలోమీటరు ఎగువన, రేవు దగ్గర ఆయన కారు దొరికింది. గట్టు మీంచి రేవులోకి దిగే ఏటవాలు దారిలో జారి, హెడ్‌లైట్ల దాకా నీళ్ళలో మునిగి ఉంది. తలుపులు వేసే ఉన్నాయి. కొన్న రెండు నెలలకే ఇలా అయింది. ఎలక్ట్రిక్ కారు, పేరు సారథి.

రేచల్ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా ముప్పై ఫొటోలు తీయించింది. తర్వాత క్రేన్‌తో లాగించి కారుని స్టేషన్ ఆవరణలో పెట్టించింది.

మధ్యాహ్నానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. మాస్టారు కావాలనే చేసుకున్నారట. కారుతో సహా కాలవలోకి పోదామనుకున్నారట. బండి ఇరుక్కుంటే దిగి దూకేశారట. పోలీసులు పంచనామా రాసేలోపు పుకారు రాజోలు దాటింది.

శుక్రవారం ఉదయం 5.45.

హెడ్ కానిస్టేబుల్ బుల్లిరాజు గావుకేక పెట్టాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషి. తుపానులో కూడా బందోబస్తు చేసినవాడు.

"బండి లేచిందండి మేడమ్ గారూ!"

రేచల్ పరుగున వచ్చింది. తాళం వేసిన కారులో లైటు వెలుగుతోంది. లోపల ఏసీ సన్నగా ఊదుతోంది. అద్దాలకి మంచు పట్టింది. డ్రైవర్ సీటు ఖాళీ. తెరమీద బ్యాటరీ పద్నాలుగు శాతం.

సరిగ్గా పది నిమిషాలకి అన్నీ ఆరిపోయాయి.

"మాస్టారు ప్రార్థనకి బయల్దేరే టైము ఇదేనండి," అన్నాడు బుల్లిరాజు. మధ్యాహ్నం వెళ్ళి నిమ్మకాయా మిరపకాయలూ తెచ్చి బంపర్‌కి కట్టాడు.

శనివారం 5.45కి మళ్ళీ లేచింది. పదకొండు శాతం. నిమ్మకాయ దాని పని అది చేసుకుంటోంది, కారు దాని పని అది చేసుకుంటోంది.

రేచల్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఆ ఖాళీ సీటు వైపు చూస్తుంటే, స్టెప్పులేవమ్మా అని ఎవరో అడుగుతున్నట్టే అనిపించింది.

శనివారం పది గంటలకి దానం గారి భార్య జయమ్మ స్టేషన్‌కి వచ్చింది. నాలుగు మెట్లెక్కేసరికి ఆయాసం. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది.

"రేపు సాయంత్రం నాలుగింటికి ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడికమ్మా. చర్చిలో పెట్టుకుందామనుకున్నాం. ఇప్పుడు సంఘ పెద్దలు వచ్చి, ఇంట్లోనే చేసుకోమంటున్నారు. ప్రాణం తీసుకున్న మనిషని అనుమానమంట. ముప్పై ఏళ్ళు సండే స్కూల్ చెప్పేరు ఆ చర్చిలో."

"మీరేమనుకుంటున్నారండీ?"

"తీసుకోలేదు. నాకు తెలుసు. కానీ నాకు తెలిస్తే సరిపోదంట కదా. నువ్వు రాసివ్వాలంట."

"రేపు నాలుగు లోపు రాసిస్తానండి," అంది రేచల్. చేతిలో ఒక్క స్టెప్పూ లేదు.

మాస్టారికి శత్రువులు లేరు. ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. పేరు కోనసీమ చక్రాలు. ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నరకి ఆ రేవు పక్కన టీ కొట్టు దగ్గరే చేరతారు. ఏ కంపెనీ కొత్తగా ఏ బండి దింపింది, ఎవడు ఎవడికి పోటీగా ధర తగ్గించాడు, ఎవడి డోరు వేస్తే రేకు చప్పుడొస్తుంది అని టీ చల్లారేదాకా కొట్టుకుంటారు. ఇరవైమంది మెంబర్లలో గొంతున్నవాళ్ళు నలుగురే. ఒకాయన పోయారు.

మిగిలిన ముగ్గుర్నీ రేచల్ పిలిపించింది.

మొదట ఆదిత్య. వేరే కంపెనీ షోరూమ్‌లో సేల్స్ మేనేజర్.

"సారథి మీద మీ అభిప్రాయం?"

"డబ్బాయండి. టచ్‌స్క్రీన్ పెద్దది పెట్టి అసలైనవి తీసేసేరు. వెనక వైపర్ లేదు. పార్కింగ్ గేర్ లేదు, ఆర్, ఎన్, డి అంతే. పోటీలో ధర తగ్గించాలని అన్నీ పీకేసేరు. మాస్టారికి చెప్పేను, మా బండి తీసుకోండని."

"గురువారం ఆరింటికి?"

"కాకినాడ బస్సులో ఉన్నానండి. టికెట్ ఉంది."

రెండో ఆయన సాయిదుర్గాప్రసాద్. కాలేజీ లెక్చరర్. పెట్రోలు తప్ప మిగతావన్నీ మిక్సీలేనని ఆయన సిద్ధాంతం.

"మాస్టారితో గొడవుందా?"

"రోజూ ఉందండి! ఇంజను చప్పుడు లేని బండి బండే కాదన్నాను. చప్పుడు కావాలంటే రైసు మిల్లు కొనుక్కోమన్నారు. అంతకంటే ఏం లేదండి."

"గురువారం ఆరింటికి?"

"ఇంట్లో. మా అమ్మాయిని ట్యూషన్‌కి దింపేను."

మూడో ఆయన వీర్రాజు. కొబ్బరి వర్తకుడు. గజేంద్ర అనే పెద్ద డీజిల్ బండి. దానికి ఐనవిల్లి వినాయకుడి గుడిలో పూజ చేయించిన ఫొటో గ్రూపులో ఇప్పటికీ పైనే పిన్ చేసి ఉంటుంది. రెండేళ్ళుగా ఎలక్ట్రిక్ బండ్లని తిట్టని రోజు లేదు.

ఈయన మొహం పీక్కుపోయి ఉంది.

"నిద్ర పట్టట్లేదా?"

"ఆయ్. మాస్టారు పోయినకాణ్ణించి లేదండి."

"గురువారం ఆరింటికి?"

"కొట్లో ఉన్నానండి. సరుకు ఎత్తించేను."

"ఎవరైనా చూశారా?"

"ఒక్కణ్ణే ఉన్నానండి." వీర్రాజు తల దించుకున్నాడు. "మేం అందరం కలిసి ఆ బండిని తెగ ఏడిపించేం. మనసు కష్టపెట్టుకున్నారేమో మరి."

రేచల్ ఫోను అతని ముందు పెట్టింది. బుధవారం రాత్రి 9.04కి మాస్టారు గ్రూపులో పెట్టిన ఆఖరి మెసేజ్. *రేపటితో ఈ గొడవకి ముగింపు.*

"అదేనండి," అన్నాడు వీర్రాజు. "అది చూసేకే నాకూ అనిపించింది."

సాయంత్రం కంపెనీ నుంచి ఫోను వచ్చింది. కారు దానంతటది లేవడం లేదట. పొద్దున్నే ఎవరో ఫోను యాప్‌లో ఏసీ బటన్ నొక్కుతున్నారట. ఆ యాప్ రెండు ఫోన్లలో ఉంది. ఒకటి మాస్టారిది, కాలవలో పోయింది.

రేచల్ జయమ్మ ఇంటికి వెళ్ళింది.

ఆవిడ దాచలేదు. "నేనేనమ్మా. వేడి గాలి తగిలితే నాకు ఆయాసం వచ్చేస్తది. అందుకని ప్రార్థనకెళ్ళే ముందు ఆయన బండి చల్లబరిచి పెట్టేవారు. నాక్కూడా నేర్పేరు. గురువారం మాత్రం పనుందని ఆయనొక్కరే వెళ్ళేరు. ఇప్పుడు నొక్కితే, బండి సిద్ధంగా ఉందని ఫోనులో వస్తది. ఆయన లోపల కూర్చుని హారన్ కొడతారేమోనని వింటాను." ఫోను కొంగుతో తుడిచింది. "తప్పా అమ్మా?"

"కాదండీ," అంది రేచల్. "ఆ ఫోను ఒకసారి ఇస్తారా?"

యాప్‌లో ప్రయాణాల జాబితా ఉంది. రేచల్ నిలబడే చదివింది. గురువారం 5.58కి బయల్దేరింది. సీటు బెల్టులు రెండు. 6.12కి బండి ఆఫ్. 6.19కి నీటి హెచ్చరిక.

ఆమె మళ్ళీ చదివింది. తన ఫోనులో గురువారం తీయించిన ముప్పై ఫొటోలూ ఒక్కొక్కటే చూసింది. పన్నెండో ఫొటో దగ్గర ఆగిపోయింది.

ఆదివారం ఉదయం 6.30. రేవు.

గ్రూపు సగానికి సగం వచ్చింది. మాస్టారు కూర్చునే బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పారుతోంది.

రేచల్ రాజమండ్రి నుంచి ఇంకో సారథి తెప్పించింది. అదే మోడల్. దాని వెనక ఒక పొడుగు గొలుసు కట్టించి, రెండో కొస క్రేన్‌కి తగిలించింది.

"చిన్న పరీక్ష," అంది. "ముగ్గురూ ఒక్కొక్కరుగా బండి గట్టు మీంచి తెచ్చి, రేవు దారిలో ముక్కు నీళ్ళవైపు ఉండేలా ఆపి, దిగండి. అంతే."

ఆదిత్య ఆపాడు. హ్యాండ్‌బ్రేక్ లాగాడు. దిగాడు.

ప్రసాద్ ఆపాడు. హ్యాండ్‌బ్రేక్ లాగి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి లాగి దిగాడు.

వీర్రాజు వంతు. ఆపాడు. ఆఫ్ బటన్ నొక్కి దిగాడు. అతని కళ్ళు నేలమీద వెతికాయి. గట్టు పక్కన ఎండు కొబ్బరి డొక్క కనబడింది. తీసి ముందు చక్రం కింద కాలితో తోశాడు. ఏం చేస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"హ్యాండ్‌బ్రేక్ వెయ్యలేదేం?" అంది రేచల్.

"ఉప్పుగాలికి పట్టేస్తదండి. మా బండ్లు ఎప్పుడూ గేర్లో పెట్టి, డొక్క అడ్డం వేస్తాం. మా నాన్నగారి లారీ కాణ్ణించీ అంతే."

"సరే. అక్కడే ఉండండి."

రేచల్ రేవు మెట్లు దిగింది. మెట్ల పక్కన ఏటవాలు దారి నీళ్ళలో కలిసే చోట, కారుకి వీపు పెట్టి, నీళ్ళవైపు తిరిగి నిలబడింది.

"గురువారం బండి ఆఫ్‌లో ఉంది," గొంతు పెంచి చెప్పింది. "చావాలనుకున్న మనిషి నీళ్ళలోకి తోలుతాడు. ముందు ఆఫ్ చేసి, ఏడు నిమిషాలు ఆగి, తర్వాత ఎలా తోలుతాడు? నాబ్ మాత్రం డి మీద ఉంది. హ్యాండ్‌బ్రేక్ కిందకే ఉంది. అంటే గేర్లో పెట్టాను, ఆగుతుంది అనుకున్నవాడు దిగాడు. డీజిల్ బండైతే ఇంజను పట్టి ఆపుతుంది. ఇందులో ఆపడానికి ఏమీ లేదు. అది వెనకనుంచి తోస్తే మాస్టారి నుదురు రేవు రాతికి తగిలింది. మూడో మెట్టు మీద నలిగిన డొక్క ఉంది. మా పన్నెండో ఫొటోలో కూడా ఉంది. కోనసీమలో డొక్క లేని చోటెక్కడ? అందుకే మూడు రోజులూ నా కళ్ళకి ఆనలేదు."

ఆమె వెనక, గట్టు మీద, డొక్క మెల్లగా నలిగింది.

కారు కదిలింది. ఇంజను చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. తెల్లటి బండి ఏటవాలులో నీళ్ళవైపు, ఆమె వీపు వైపు, జారుతోంది.

"తప్పుకోండి మాస్టారూ! దానం మాస్టారూ! బండి! బండండీ!"

గొలుసు బిగిసింది. కారు రేచల్‌కి రెండు గజాల్లో ఆగిపోయింది.

వీర్రాజు గట్టు మీద కూర్చుండిపోయాడు. తను పిలిచింది ఎవర్నో అప్పుడు తెలిసింది అతనికి.

రేచల్ మెట్లెక్కి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"చెప్పండి వీర్రాజు గారూ."

"ఒక్కసారి తోలి చూడమన్నారండి. ఎవరైనా చూస్తే నా పరువు పోతదని తెల్లారకట్ల వచ్చేను. నా బండి కొట్టు వెనక దాచేను." ఏడుస్తూనే చెబుతున్నాడు. "ఎంత బావుందండి ఆ బండి! వెన్నలా పోయింది. మాస్టారు చిన్నపిల్లాడిలా నవ్వేరు. ఇక్కడ ఆపించి, కాసేపు చుట్టూ తిప్పి అన్నీ చూపించేరు. ఫొటో తీసి గ్రూపులో పెడతానని, బండికి వీపు పెట్టి కిందకి దిగుతున్నారు. నేను అటు తిరిగి మెసేజ్ కొడుతున్నాను. మళ్ళీ ఇటు చూసేసరికి బండి లేదు, మనిషీ లేరు. చప్పుడే అవ్వలేదండి."

"తర్వాత?"

వీర్రాజు కాలవ వైపు చూశాడు.

"నాకు ఈతొచ్చండి. గోదారి అడ్డంగా ఈదినోణ్ణి. దూకలేదు. ముందు చుట్టూ చూసేను, ఎవరైనా చూస్తున్నారా అని. ఆ చూడ్డంలోనే ఆయన పోయేరు."

ఫోను తీసి ఇచ్చాడు. గ్రూపులో, పంపకుండా మిగిలిపోయిన మెసేజ్ ఒకటి అలాగే ఉంది. *మాస్టారు గెలిచేరు. ఇప్పుడే తోలేను. బండి బ్రహ్మాండం*

చివర చుక్క కూడా పెట్టలేదు.

ప్రసాద్ మొహం తిప్పుకున్నాడు. ఆదిత్య కళ్ళు తుడుచుకున్నాడు.

"కేసు తప్పదు," అంది రేచల్. "జరిగింది పొరపాటు. దాచింది పొరపాటు కాదు. మనసు కష్టపెట్టుకున్నారేమో అని మొదట అన్నది ఎవరు?"

"నేనేనండి."

"ఊళ్ళోకి వదిలిన ఆ మాట మీరే వెనక్కి తీసుకోవాలి. సాయంత్రం నాలుగింటికి."

నాలుగింటికి కూడిక చర్చిలోనే జరిగింది. పెద్దలు ముందు వరసలో తలలు వంచుకుని కూర్చున్నారు. పోలీసుల మధ్య నిలబడి వీర్రాజు అంతా చెప్పాడు, ఈత వచ్చన్న మాటతో సహా. జయమ్మ అతన్ని ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆఖర్న నవ్వేరన్నావు. నిజమేనా బాబూ?"

"నిజమేనండి."

"అయితే కూర్చో," అంది.

సోమవారం ఉదయం 5.45.

రేచల్ స్టేషన్ మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుని ఉంది. కేసు తేలిపోయింది. జయమ్మ ఇంక బటన్ నొక్కదేమో అనుకుంది.

కారులో లైటు వెలిగింది. ఏసీ ఊదింది. ఖాళీ సీటు ముందు అద్దం మెల్లగా మసకబారింది. తెరమీద ఆరు శాతం.

"ఇంకో రెండ్రోజులండి," అన్నాడు బుల్లిరాజు. ఈసారి భయపడలేదు. "తర్వాత ఆగిపోద్ది పాపం."

రేచల్ లేచింది. స్టేషన్ రైటర్ గది కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు బయటికి లాగింది. బంపర్‌కి కట్టిన నిమ్మకాయని జాగ్రత్తగా పక్కకి జరిపి, కారు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది.

"ఆ ఛార్జింగ్ మూత ఎటు తెరుచుకుంటుంది బుల్లిరాజు గారూ?"