వాడిన నాచు

"రేపు పొద్దున కోట అప్పగింత. మనల్ని ఓడించిన సత్సుమా వాళ్ళు ఈ వరండాలోనే కూర్చుని తాళాలు తీసుకుంటారు. అప్పుడు గానీ ఏదైనా పేలిందో, బయట కాచుకున్న వాళ్ళ సైన్యం ఎడో నగరాన్ని బూడిద చేస్తుంది. అర్థమైందా?"

"అర్థమైంది దొరా."

"పేల్చబోయేది బ్రానిగన్ ముఠా. యొకొహామాలో తుపాకులమ్మే తెల్లవాడు. యుద్ధం ఆగితే వాడి కొట్టు మూతే. తుపాకి మందు ఉత్తర ద్వారం దగ్గరుందని వాడి ఇంట్లో ఉన్న మన ఒరికు కబురు పంపింది. పేలకుండా చూడాలి."

కిన్నోసుకెకి ఇవాసె దొర అప్పగించిన ఆఖరి పని అది. రెండువందల అరవై ఏళ్ళు దేశాన్ని వణికించిన షోగున్ల ప్రభుత్వం, చూస్తూండగానే కుప్పకూలింది.

కిన్నోసుకె పైకి కోట తోటమాలి. అసలు పని వేగు. ఆరు తరాలుగా ఆ ఇంట్లో అదే కొలువు. వేగుకి వెళ్ళి వచ్చినవాడు, వాడు రాకపోతే వాడి తరఫున ఇంకొకరు, వరండా ముందున్న రాతి మీద మోకరిల్లి సంగతి చెప్పాలి. పైనున్న దొర "విన్నాను" అనాలి. ఆ మాట పడేదాకా వెళ్ళినవాడు పనిలో ఉన్నట్టే. చచ్చినా సరే, చచ్చినట్టు కాదు; కర్మకాండ ఉండదు.

సత్సుమాకి వెళ్ళిన అన్న సెయిజో తొమ్మిదేళ్ళుగా అలా పనిలోనే ఉన్నాడు. అతను వదిలివెళ్ళిన తోటపని కత్తెర మాత్రం కిన్నోసుకె నడుముకి వేలాడుతోంది. ఒంటరిగా ఊడుస్తుంటే వెనక ఎవరో కొమ్మలు కత్తిరిస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

తెల్లారింది. కావలివాళ్ళంతా ఉత్తర ద్వారానికి పరిగెత్తారు. ఇవాసె దొర, సత్సుమా సేనాని వరండాలో ఎదురెదురుగా కూర్చున్నారు. కిన్నోసుకె చీపురు ఆగిపోయింది.

నిన్నంతా వాన. తోటంతా పచ్చగా ఉంటే, వరండా కింది నుంచి తోట చివర అతిథులకి టీ ఇచ్చే గుడిసె దాకా ఒక్క చారలో నాచు వాడిపోయింది. ఎవరో పెళ్ళగించి మళ్ళీ పరిచారు. చెయ్యి తిరిగిన పని కాదు.

ఓరి దేవుడా, మందు ఇక్కడే!

చార వెంట వెళ్ళి చూస్తే, గుడిసెలో పట్టు బట్టల్లో ఒరికు కూర్చుని ఉంది. షమిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించడంలో యొకొహామాలో పేరుమోసినది, బ్రానిగన్ ఇంట్లో వీళ్ళ వేగు, సెయిజో భార్య. ఆమె ముందు నేలలోంచి మందుకి నిప్పంటించే ఫ్యూజు తాడు కొస పైకి వచ్చింది. దాని పక్కన వెలుగుతున్న అగరుబత్తి. ఆమె పాటకి కాలం కొలిచేది అలాంటి బత్తితోనే. ఇంకా వేలెడు కాలితే ఫ్యూజు అంటుకుంటుంది.

"వదినా! నువ్వా?"

"అక్కడే ఆగు మరిదీ. అడుగేశావంటే ఇప్పుడే అంటిస్తా."

"ఆ తెల్లవాడి కోసం ఊరు కాలుస్తావా?"

"వాడి మొహం! నా మొగుణ్ణి పంపినవాళ్ళూ, మింగినవాళ్ళూ ఒకే చాప మీద కూర్చున్నారు. మళ్ళీ దొరుకుతుందా ఇలాంటి రోజు? తొమ్మిదేళ్ళయ్యా! పేరు రాసిన పలక లేదు, దీపం లేదు. ఏడవనిచ్చారా నన్ను?"

బత్తి అర వేలయింది. వెనక కత్తెర చప్పుడు. ఈసారి కిన్నోసుకె తిరిగి చూడలేదు.

గిరుక్కున తిరిగి వరండా వైపు నడిచి, రాతి మీద మోకరిల్లాడు. గుడిసెకి వినబడేలా గొంతెత్తాడు.

"మనవి! సత్సుమాకి వేగుకి వెళ్ళిన సెయిజో పనిలోనే చనిపోయాడు. ఏటి ఒడ్డున తల తీశారు. తన పేరు చెప్పలేదు, ఏలిక పేరూ చెప్పలేదు. జనంలో నిలబడి నేనే చూశాను. మన వేగని బయటపడకూడదని దొరలు నోరు మూసుకోమన్నారు, మూసుకున్నాను. వదినకి కూడా చెప్పలేదు. ఆ పాపం నాది."

సత్సుమా సేనాని చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఇవాసె దొర ముఖం పాలిపోయింది. చివరికి చాపకి నుదురు ఆన్చాడు.

"విన్నాను."

గుడిసెలోంచి ఒక్క ఏడుపు. తొమ్మిదేళ్ళు దాచుకున్నది. కిన్నోసుకె పరిగెత్తి వెళ్ళేసరికి ఒరికు బత్తిని పిడికిట్లో నలిపేసింది. ఫ్యూజు అంటుకోలేదు. అరచెయ్యి కాలింది. అతను కత్తెర తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఎవడయ్యా వాడు?" వరండాలో సేనాని గద్దించాడు.

ఇవాసె దొర తాళాల గుత్తి ముందుకి జరిపాడు. "పిచ్చి తోటమాలి. కోటతోపాటు ఇక మీవాడే. నాచు మాత్రం బాగా చూసుకుంటాడు."