బొట్టు పెట్టిన రౌటర్

ఆయుధపూజ మరునాడు నెల్లూరులో డిటెక్టివ్ షాహీన్ ఆఫీసుకు వచ్చిన ఆదిశేషమ్మ కుర్చీ అంచున కూర్చుని, గాజులకు తగిలించుకున్న పిన్నీసులను తిప్పుతూ ఉండిపోయింది.

"మా కోడలు దొంగ కాదని తేల్చాలమ్మా" అంది చివరికి. "రేపు పుట్టింటికి, సంగం పోతానంటా ఉంది. ఈ నింద మోసుకొని పోతే మళ్ళీ రాదు."

షాహీన్ మౌనంగా వింది. మేడం మౌనంగా ఉంటే కేసు సగం తేలినట్టేనని సహాయకుడు పెంచల్ నమ్మకం. ఆవిడ ఆకలేసి మాట్లాడకపోయినా అలాగే అనుకుంటాడు.

ఆదిశేషమ్మ భర్త ఓబులేసు కావలిలో పెళ్ళి ఫొటోలు తీస్తాడు. ఇంట్లోనే స్టూడియో. ముందుగదిలో ఆయన కంప్యూటర్, లోపలి గదిలో కోడలు రోజాది. తెల్లారి లేచేసరికి ఆయన కంప్యూటర్లో ఒక్క ఫొటో తెరుచుకోలేదు. అడిగినంత కడితేనే తెరుస్తామని తెర మీద బెదిరింపు. రోజా కంప్యూటర్ మీద మాత్రం ఈగైనా వాలలేదు. ఇంటికి నెట్ ఇచ్చే రౌటర్ సంగతులు తెలిసింది ఆమెకే కాబట్టి అనుమానమూ ఆమె మీదే పడింది.

షాహీన్, పెంచల్ వెళ్ళేసరికి కావలి ఇంట్లో పూజ ఆనవాళ్ళు అలాగే ఉన్నాయి. దేవుడి పీట మీద కెమెరాల పక్కన అరచేతిలో ఇమిడే నల్లని డిస్కు ఉంది. గోడకున్న రౌటర్‌కు కూడా కుంకుమబొట్టు.

షాహీన్ రౌటర్‌ను తిప్పి చూసింది. సందుల్లో ఎండిన గంధం ఇరుక్కుని ఉంది. వెనకవైపున్న ఒక చిన్న చిల్లి మాత్రం శుభ్రంగా ఉంది.

"బాగానే తుడిచారు మేడం" అన్నాడు పెంచల్.

"అన్నీ తుడవలేదు" అని, ఆమె ఓబులేసు వైపు తిరిగింది. "మీ కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఎవరు ఆపారు?"

"నేనే. ఇది రానియ్యమంటావా, అది రానియ్యమంటావా అని ఒకటే సతాయింపు. రౌటర్లో కాపలా పెట్టినానని కోడలు చెప్పింది గదా, మళ్ళీ ఇదెందుకని తీసేసినా."

"పూజయ్యాక నెట్ వచ్చిందా?"

"మా పాస్‌వర్డ్ పట్టలేదు. రౌటర్ అడుగున అచ్చేసిందుంటే అది కొట్టినా, వచ్చేసింది. హారతిచ్చినాక మిషన్లు నడవాల గదా, రెండు కంప్యూటర్లూ రాత్రంతా ఆన్‌లోనే పెట్టినాం."

రోజా భర్త వినోద్ తలవంచుకుని నిలబడ్డాడు. షాహీన్ రోజాను అడిగింది. "ఆ డిస్కు ఎవరిదమ్మా?"

"నాదే" అంది రోజా. అందులో ఏముందంటే మాత్రం పెదవి విప్పలేదు.

షాహీన్ లోపలి గదిలో రోజా కంప్యూటర్ చూసి వచ్చి, అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"ఇంటికి గేటుంటుంది, వీధి తలుపుంటుంది, బీరువాకు తాళముంటుంది. గేటుంది కదా అని తలుపు తీసిపెట్టి పడుకోం. రౌటర్ గేటు లాంటిది, కంప్యూటర్లో ఉండే ఫైర్‌వాల్ తలుపు లాంటిది. రౌటర్ వెనకున్న చిల్లిలో ఒక మీట ఉంది. సన్నటి మొనతో నొక్కిపడితే రౌటర్ కొట్టు నుంచి తెచ్చిన రోజుకు వెళ్ళిపోతుంది. రోజా మూసిన దారులన్నీ తెరుచుకుంటాయి. అందుకే అచ్చేసిన పాస్‌వర్డ్ పట్టింది. అలాంటి గేట్ల కోసం లోకమంతా వెతుకుతూ ఉండే దొంగలున్నారు. ఈ పని చేసింది వాళ్ళు. నిన్న సాయంత్రం నుంచి రెండు కంప్యూటర్లనూ తట్టారు. రోజా కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఉంది కాబట్టి ప్రతిసారీ వెనక్కి తోసింది. అది ఇప్పుడే చూసి వచ్చాను. మీ దాంట్లో ఆపేవాళ్ళు లేరు."

"మరి ఆ మీట నొక్కిందెవరు?" అన్నాడు వినోద్.

షాహీన్ చూపు ఆదిశేషమ్మ గాజుల మీద ఆగింది. ఆమె వాటికున్న పిన్నీసొకటి తీసి చూపించింది.

"నేనేనమ్మా. చిల్లిలో గంధం కుక్కుకోనుంటే, బొట్టు పెట్టిన వస్తువు గదా అని పిన్నీసుతో పొడిచి తీసినా."

షాహీన్ రోజా దగ్గరికి వెళ్ళింది. "నీ పనంతా నీ కంప్యూటర్లో క్షేమంగా ఉంది. అయినా డిస్కు మాట ఎత్తితే భయపడ్డావు. అందులో ఉన్నవి మీ మామగారి ఫొటోలేనా?"

రోజా కళ్ళు తుడుచుకుంది. "కంప్యూటర్ ముట్టొద్దన్నారు మామయ్య. ఏమైనా అయితే ఎట్లా అని, ఆయన పెళ్ళిళ్ళకు పోయినప్పుడంతా నకలు తీసి, వైరు పీకి దాచినా. చెప్తే దొంగతనంగా తాకినావంటారని భయమేసింది."

డిస్కును రోజా కంప్యూటర్‌కు తగిలించారు. ఫొటోలన్నీ వచ్చాయి. ఓబులేసు ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాడు.

"ఎంతమంది పెళ్ళిళ్ళు నిలబెట్టినావమ్మా" అన్నాడు. "నిన్ను అన్న మాటలకు నాకు సిగ్గుగా ఉంది. సంగం పోవద్దు. నా కంప్యూటర్ కూడా ఇక నువ్వే చూసుకోవాల."

ఆదిశేషమ్మ వచ్చి షాహీన్ చేతులు రెండూ పట్టుకుంది. "తప్పు నాదని తేల్చినావు, చల్లగా ఉండు తల్లీ. నా కోడలిది కాదు గదా. నాకు అంతే చాలు."

రోజా ఆశ్చర్యంగా అత్త వైపు చూసింది. "నన్ను పట్టియ్యడానికి మామయ్య పిలిపించినారనుకున్నానే. నెల్లూరు పోయింది మీరా అత్తా?"

ఆదిశేషమ్మ తల ఊపింది. రోజా ఆమె భుజం మీద తల పెట్టుకుని, పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.