కృష్ణకుమారి దాచిన కబురు

"అయిపోయింది! ఇంక ఇక్కడ నావల్ల కాదు... నేను ఊరికి పోతాను!"

కృష్ణకుమారి క్యారియర్ చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. దోహా నగరం అల్ మన్సూరా పేటలోని ఆ ఇరుకు గదిలో మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది. కూతురు అనిత ఏడుస్తూ బట్టలు మడత పెట్టకుండానే అందులో కుక్కుతోంది!

నిజానికి ఆ శుక్రవారం కృష్ణకుమారి కూడా ఒక కబురు మోసుకొచ్చింది. అల్ ఘర్రాఫాలో తను పనిచేసే ఇంటి పెద్దావిడ కిందటి నెల పోయింది. పిల్లలు ఇల్లు మూసేస్తున్నారు. వచ్చే గురువారమే తనకు ఫైనల్ ఎగ్జిట్, వీసా ముగించి ఊరికి పంపేయడం... ఇరవై రెండేళ్ళ ఖతర్ బతుకు ముగిసిపోతోంది. రెండేళ్ళ అనితను రాయచోటిలో అక్క ఒడిలో పెట్టి వచ్చిన తల్లి ఆమె. ఆ బిడ్డ తిరుపతిలో సోషల్ వర్క్ పీజీ పూర్తిచేసి, కొత్తవాళ్ళకిచ్చే ఏడాది క్లినికల్ శిక్షణ కోసం దోహాలోని మానసిక ఆరోగ్య కేంద్రానికే వస్తోందని తెలిసిన రోజు ఆమె నేల మీద నడవలేదు! కానీ ఏం లాభం? ఏడు నెలలుగా ప్రతి శుక్రవారం వండి తెస్తే, అనిత తిని, "బాగుంది, థ్యాంక్స్" అనేది. చుట్టపుచూపుగా వచ్చిన మనిషితో అన్నట్టు...

ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు! 'పద తల్లీ, పోదాం' అంటే చాలు... ఇద్దరూ ఒకే విమానం ఎక్కవచ్చు, ఒకే కప్పు కింద బతకవచ్చు! అయినా ఆ మాట పైకి రాలేదు.

"ఏమైందమ్మా?" అని మాత్రం అడిగింది.

"పేరు చెప్పకూడదు. ఇళ్ళల్లో పనిచేసే ఒకామె... నిద్ర పట్టట్లేదని వచ్చింది. బిడ్డను ఊర్లో వదిలి వచ్చినానని ఏడ్చింది. వినాలి... వినడమే నా పని! కానీ నేను, 'అంత ఏడ్చేదానివి ఎందుకు వదిలిపెట్టావు?' అని అరిచేశాను! సురయ్యా మేడమ్ నన్ను ఆ కేసు నుంచి తీసేశారు. వారం వారం నా పని చూసేది ఆమే. 'నీ లోపల ఏముందో ముందు నాతో మాట్లాడు, అప్పుడే మళ్ళీ కేసులు' అన్నారు. ఏముంది మాట్లాడ్డానికి?"

ఆ అరుపు ఎవరికి చెందాల్సిందో కృష్ణకుమారికి తెలిసిపోయింది.

"ఆ తల్లి ఏమనింది?"

"'నిజమే మేడమ్' అనింది. ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది."

"నేనైనా అదే అనుంటాను..." కృష్ణకుమారి నేల మీద చతికిలబడింది. "అనితా! ఆ మాట నన్నడుగమ్మా. నువ్వు అడగాల్సింది నన్ను గదా!"

అనిత చేతులు ఆగిపోయాయి. పసిపిల్లలా అడిగింది. "ఎందుకు... ఎందుకు వదిలిపెట్టి వచ్చినావు?"

"మీ నాయన పోయినాక మీ పెద్దమ్మ కూడు పెట్టింది, కాదనను. నిన్ను సదివించే దారే కానరాలా. రెండేండ్లని చెప్పి వచ్చినా... విమానంలో పాలు పడి రవిక తడిసిపోయిందమ్మా! పక్కనుండే ఆయమ్మ చూసి తన దుప్పటి కప్పింది. ఈడ పనింట్లో నీ ఈడు బిడ్డకు నీళ్ళు పోస్తా, కొళాయి తిప్పి ఆ శబ్దంలో ఏడిస్తిని. మూడేండ్లకు ఇంటికొస్తే నువ్వు పెద్దమ్మ చీరె చాటున దాక్కున్యావు. నిన్ను పిలిచేకి నోరు రాలా... నాకేం హక్కుండాదని?"

అనిత పెదవులు ఎన్నోసార్లు కదిలాయి. అయినా అడ్డు రాలేదు, తొందరపడి ఓదార్చలేదు. ఏడు నెలలుగా నేర్పిన విద్య ఈరోజే ఆమె చేతికి వచ్చింది. చివరికి, "నాకు జ్ఞాపకముందమ్మా..." అంది. "నువ్వు పిలుస్తావేమోనని ఆ చాటు నుంచి చూస్తా ఉన్న్యాను! పిలిచుంటే వచ్చేదాన్ని!"

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అన్ని సంవత్సరాల ఏడుపు!

కళ్ళు తుడుచుకుని కృష్ణకుమారే మొదట తేరుకుంది. "ఇదంతా మీ మేడమ్‌తో చెప్పు. ఆ తల్లిని మళ్ళీ పిలిపించి, తప్పయిందని ఒప్పుకో. మన మాటలో మన కడుపుకోత వినేవాళ్ళు ఈ ఊర్లో ఎంతమందుండారు? ఆ పొద్దు నాకు ఒక్కరన్నా ఉండుంటే..."

అనిత ఫోన్ తీసుకుంది. "మేడమ్, ఆదివారం వస్తాను... మాట్లాడతాను." తర్వాత సూట్‌కేసులోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. చివరి చీర లోపలికి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు చెప్పింది కృష్ణకుమారి.

"గురువారం నేను ఊరికి పోతాండా. ఇంక రాను."

అనిత నివ్వెరపోయింది. "ముందే ఎందుకు చెప్పలేదు? ఇద్దరం కలిసి పోయేవాళ్ళం గదా!"

"అందుకే చెప్పలా..."

ఆ రెండు మాటలకు అనిత గుండె చెరువైంది. కలిసి బతికే అదృష్టం చేతికందితే, తన చదువు కోసం అమ్మ దాన్ని మళ్ళీ వదులుకుంది! "ఒక్కదానివే వచ్చినావు... మళ్ళీ ఒక్కదానివే పోతావా అమ్మా?"

"ఐదు నెలలే గదా తల్లీ. ఇంతకాలం ఓర్చుకోలేదా?" అని నవ్వబోయింది కృష్ణకుమారి. నవ్వు రాలేదు.

పొద్దు వాలింది. కింద హారన్ మోగింది. కృష్ణకుమారి పనిచేసే ఇంటి డ్రైవర్ నాగూర్! "క్రిష్ణక్కా, యల్లా, పోదాం రా! ఇంట్లో ఎదురు చూస్తాండారు!"

అనిత చెప్పుల్లేకుండానే కారు దాకా దిగి వచ్చింది. వెనక సీట్లో కూర్చున్న తల్లి చేయి కిటికీలోంచి పట్టుకుంది. వదలాలని ఆమెకు తెలుసు... వేళ్ళే వినలేదు.

"నాగూరన్నా... ఇంకొక్క ఐదు నిమిషాలు..."

నాగూర్ అద్దంలో ఆ ఇద్దరినీ చూశాడు. మారుమాట్లాడకుండా ఇంజన్ ఆపేశాడు. అనిత వెనక తలుపు తీసుకుని తల్లి పక్కన కూర్చుంది.