ముందు వెనక్కి తిప్పాలి

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురే ఉన్నారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి ముందు గదిలో నిద్రపోతున్న అమ్మ. పెరటి మెట్ల మీద కాళ్ళాడిస్తూ కూర్చున్న తమ్ముడు. వాడు ఆగకుండా మాట్లాడతాడని అందరూ రేడియో అంటారు. వెనక షెడ్డులో అమ్మ మోపెడ్ ముందు కూర్చున్న తాతయ్య. ఆయన పక్కన, చేతిలో గుడ్డముక్కతో తూనీగ.

తూనీగకి పదేళ్ళు. ఒకచోట నిలవదని తాతయ్య పెట్టిన పేరది. ఇన్నాళ్ళూ ఆయన పని చేస్తుంటే ఆమె కిటికీ ఊచల్లోంచి చూసేది. విప్పిన ఇంజనులో దుమ్ము పడకూడదు, పిల్లలు అసలే పడకూడదు అని ఆయన తలుపు వేసుకునేవాడు. ఇవాళే మొదటిసారి లోపలికి రానిచ్చాడు.

ఇంజనులోంచి ఆయిల్ కారుతోంది. లోపలి రబ్బరు సీలు అరిగిపోయింది. దాన్ని మార్చాలంటే అడ్డంగా ఉన్న మాగ్నెట్ ఊడదీయాలి. మాగ్నెట్ అంటే చిన్న పళ్ళెమంత చక్రం. మీది నట్టు విప్పేసినా ఇరుసుని పట్టుకుని వదలదు. సుత్తితో కొడితే పగులుతుంది. అందుకే పుల్లర్ కావాలి. పుల్లర్‌ని చక్రం మధ్య రంధ్రంలో చుట్టూ ఉన్న గాట్లలోకి, అంటే మరల్లోకి ఎక్కించి, దాని బోల్టు బిగించాలి. బోల్టు ఇరుసుని నెడితే చక్రం ఊడివస్తుంది.

"నేను కొత్త సీలు తెస్తాను. ఈలోగా ఏ పుల్లర్ సరిపోతుందో చూసి, వేళ్ళతో ఎక్కించి ఉంచు. రేపు పొద్దున్నే మీ అమ్మకి బండి కావాలి" అని తాతయ్య వెళ్ళాడు.

గోడ మీద మేకులకి పుల్లర్లు వేలాడుతున్నాయి. మూడు కాళ్ళది బేరింగులకి. దాన్ని మాగ్నెట్‌కి తగిలిస్తే అంచు వంగుతుంది. అది తూనీగకి తెలుసు. మిగిలినవి రెండు. రెండూ ఒకే లావు. ఆమె మెరుస్తున్నదాన్ని తీసింది.

అర చుట్టు తిరిగింది. ఆగిపోయింది.

"రావట్లేదా?" కిటికీ దగ్గర రేడియో మొహం కనబడింది. "నీ వల్ల కాదులే. తాతయ్యని రానీ."

"నోరు ముయ్యి."

"నా స్టేషన్ నా ఇష్టం."

తుప్పు పట్టిందేమో అనుకుంది తూనీగ. పెద్ద స్పానర్ తగిలించి బలమంతా పెట్టింది. పుల్లర్ కీచుమంటూ కదిలింది. ఇంకో చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. అటూ రాదు, ఇటూ రాదు. సన్నటి ఇనుప పొట్టు రాలి మాగ్నెట్‌కే అతుక్కుంది.

తాతయ్య వచ్చేసరికి ఆమె స్పానర్ కింద పెట్టి నిలబడి ఉంది.

"తాతా, పట్టేసింది."

ఆయన వంగి చూశాడు. పొట్టుని వేలికి అంటించుకుని చూశాడు.

"స్పానర్ వాడావా?"

"వాడాను."

"ఇనుముతో కుస్తీ పడితే గెలిచేది ఇనుమే."

"అమ్మకి రేపు బండి ఉంటుందా?"

"చూడాలి. మరలు పూర్తిగా పోతే కొత్త మాగ్నెట్ కొనాలి. ఇవాళ కొట్లో అది లేదు."

తూనీగ తలుపు వైపు చూసింది. తాతయ్య వెళ్ళమనలేదు. నూనె చుక్కలు వేసి, కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పి పుల్లర్‌ని బయటికి తీశాడు. మొదటి మరలు నలిగిపోయాయి. లోపలివి బాగానే ఉన్నాయి.

రెండు పుల్లర్లనీ పక్కపక్కన ఆనించి చూపించాడు. ఆమె వాడినదాని గాట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రెండోదాని గాట్లు ఎడంగా ఉన్నాయి.

"లావు చూశావు. గాట్లు చూడలేదు" అని రెండోది ఆమె చేతికిచ్చాడు. "ఇప్పుడు ఇది నువ్వే ఎక్కించు."

"మళ్ళీ పాడైతే?"

"నా వేళ్ళు మొద్దుబారాయి. నీకైతే తెలుస్తుంది. ముందు వెనక్కి తిప్పు. మర మీద మర దిగినట్టు వేలికి తగులుతుంది. అప్పుడు ముందుకి."

ఆమె పొట్టంతా తుడిచింది. పుల్లర్‌ని నిలబెట్టి మెల్లగా వెనక్కి తిప్పింది. వేలికి చిన్నగా ఏదో దిగినట్టు తెలిసింది. అప్పుడు ముందుకి తిప్పింది. నలిగిన చోట ఆగింది. బలం పెట్టలేదు. బయటికి తీసి, నూనె వేసి, మళ్ళీ వెనక్కి తిప్పి మొదలుపెట్టింది. మూడోసారికి చివరిదాకా వెళ్ళింది.

తాతయ్య బోల్టు బిగించి, దాని తల మీద సుత్తితో చిన్నగా తట్టాడు. ఠంగుమని మాగ్నెట్ చేతిలోకి వచ్చింది. ఆయన పాత సీలు పీకి కొత్తది నొక్కాడు. మాగ్నెట్‌ని తిరిగి ఇరుసు మీద కూర్చోబెట్టాడు.

"ఇక నట్టు ఎక్కించడమే" అని చేతులు తుడుచుకున్నాడు.

ఇంట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "నాన్నా, బండి అయిందా?"

రేడియో గుమ్మం దాటి లోపలికి దూరాడు. పెద్ద స్పానర్ తీసి అక్కకి అందించాడు. "తొందరగా బిగించెయ్యి. అమ్మ లేచేసింది. చెప్పనా, అయిపోయిందని చెప్పనా?"

తూనీగ స్పానర్ అందుకుని నేల మీద పెట్టింది. ఇరుసు చివర మరలు గుడ్డతో తుడిచింది. నట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా వెనక్కి తిప్పసాగింది.

"అటు కాదే, ఊడిపోతుంది" అన్నాడు రేడియో.

ఆమె చెవులు వేళ్ళ దగ్గరే ఉన్నట్టున్నాయి.

తాతయ్య రేడియో భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. "అవుతోందమ్మా" అని లోపలికి కేకేశాడు. తూనీగని ఇంజను దగ్గరే వదిలి, దుమ్ము పడకుండా షెడ్డు తలుపు మూశాడు.