మూడు వరసలు మిగిలిన తివాచీ

రాజకుమారి చేతికి సెల్‌ఫోన్ వచ్చిందే మొగుడు పోయాక. అలాంటి మనిషి నలభై ఏడేళ్ళ వయసులో, ఏలూరు తంగెళ్ళమూడిలో ఒంటిగది ఇంట్లో కూర్చుని, ఎన్‌ఎఫ్‌టీలూ మెటావర్సూ అంటూ ఆన్‌లైన్ కోర్సులో చేరితే ఇరుగూపొరుగూ నవ్వరూ మరి! నవ్వారు. "నవ్వుకోండమ్మా, నాకేం పోయింది," అని తలుపు దగ్గరగా వేసుకునేది.

ఆవిడ పట్టుదలంతా నెల్సన్ కోసం. మొగుడూ పెళ్ళాం ఇరవై ఆరేళ్ళు ఒకే మగ్గం ముందు, ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని తివాచీలు నేశారు. డిజైన్ గళ్ళ కాగితం మీద నెల్సనే గీసేవాడు. నేసేటప్పుడు కాగితం చూసి "ఎరుపు మూడు, నలుపు ఒకటి" అని రంగులు పలికేవాడు. ఈవిడ ముళ్ళు వేసి "వేశా" అనాలి. ఆ మాట వినపడందే పలికేవాడు ముందుకు పోడు. మగ్గం దగ్గర ఇంకో మాట ఉండదు.

మార్చిలో దగ్గుతో పోయాడు నెల్సన్. ఆఖరి తివాచీకి ఇంకా నలభై వరసలు మిగిలే ఉన్నాయి. మగ్గం యజమాని దాన్ని అలాగే కోసి పట్టుకుపోయాడు. రాజకుమారికి మిగిలింది, కోసేముందు కొత్త ఫోన్‌లో తీసుకున్న ఆ తివాచీ ఫొటో.

కోర్సు చెప్పే హరిప్రియది తాడేపల్లిగూడెం. శనివారం మధ్యాహ్నం మూడింటికి క్లాసు. ఓపిగ్గా చెప్పేది ఆ పిల్ల. "ఎన్‌ఎఫ్‌టీ అంటే బొమ్మకి చేసే రిజిస్ట్రేషన్ లాంటిదండీ. ఇది ఫలానావాళ్ళదని రాసి ముద్ర వేస్తాం. మింట్ అనే మీట నొక్కేశాక ఇక దాన్ని చెరపలేం, మార్చలేం."

"చెరగదంటే చాలండీ," అంది రాజకుమారి.

మెటావర్స్ అంటే ఫోన్ లోపలి లోకం, అందులో ఎవరి గది వాళ్ళు కట్టాలి. అందరూ అద్దాల మేడలు కడితే ఈవిడ తన నేత గది కట్టింది. మగ్గం పెట్టింది, బల్ల వేసింది, మగ్గానికి ఆ ఫొటో తగిలించింది. తన బదులు గదిలో తిరిగే బొమ్మని గుమ్మంలో నిలబెట్టింది. బొమ్మలకి నిలబడటమే గానీ కూర్చోవడం రాదని హరిప్రియ ముందే చెప్పింది.

ఆ శనివారం పొద్దుటినుంచీ ముసురు. కొల్లేటి వైపు నుంచి చేపల చెరువుల నీచు వాసన గాలితో కొట్టుకొస్తోంది. దానితోపాటు... తడిసిన ఊలు వాసన. ఇంట్లో ఊలు పోగన్నది లేదు. చుట్టూ చూసి, ముసురు కదా అనుకుని ఫోన్ తెరిచింది.

"రాజకుమారి గారూ, మీ గదిలోకి ఎవరినైనా పిలిచారా అండీ? ఇద్దరు కనిపిస్తున్నారు," అంది హరిప్రియ.

"లేదండీ, నేనొక్కదాన్నే."

హరిప్రియ ఏదో అనబోయింది. ఆ పిల్ల గొంతు తెగిపోయింది. గది మాత్రం తెర మీద అలాగే ఉంది.

బల్ల మీద ఒక బొమ్మ. కూర్చుని ఉంది. వీపు ఇటు. తల పైన పేరు లేదు. పక్కన రాజకుమారి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

చెవిలో సన్నగా, గుసగుసగా... "ఎరుపు మూడు... నలుపు ఒకటి..."

"వేశా," అనేసింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, నోరు ఆగదే!

తివాచీ ఒక వరస పెరిగింది.

భయం వెయ్యాలి నిజానికి. వెయ్యలేదు పిచ్చిదానికి. ఏడుస్తూ నవ్వింది. "ఏవండీ... మీరేనా అండీ..." రంగులే పలుకుతున్నాడు. ఈవిడ వేశా, వేశా అంటూనే ఉంది. పది వరసలు. ముప్ఫై. ముప్ఫై ఏడు.

అక్కడ ఆగింది ఈవిడ. తివాచీ పూర్తవగానే నెల్సన్ లేచి, ఒళ్ళో ఊలు దులుపుకుని, వెనక్కి చూడకుండా టీ తాగడానికి పోయేవాడు. ఎప్పుడూ అంతే. మూడు వరసలైతే ఇప్పుడూ పోతాడు.

"ఎరుపు రెండు," అన్నాడు. పలకలేదు ఈవిడ.

"ఎరుపు రెండు..." 

నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్ళీ అదే పిలుపు. మళ్ళీ. ఇంకోసారి పిలిస్తే ఉండబట్టలేక అనేస్తుంది. అప్పుడు తోచింది ఆ పాపిష్టి ఆలోచన. మార్పు లేకుండా చేసేస్తే? ఆయన కదలకుండా ఇక్కడే ఉండిపోతే? గదినంతా ఎంచుకుని మింట్ నొక్కేసింది.

చక్రం తిరిగి ఆగింది. అయిపోయింది.

అప్పుడు మొదలైంది దగ్గు. పోయేముందు మూడు రాత్రులు దగ్గిన దగ్గే. ఊపిరి అందని దగ్గు.

"వేశానండీ! వేశా!" అని అరిచింది. వరస పెరగలేదు. "వేశా" అంది, గొంతు పోయేదాకా అంది. ఒక్క ముడి పడలేదు. ఫోన్ ఆపేసింది. ఆగలేదు దగ్గు. ఇయర్‌ఫోన్లు పీకి పారేసింది. గదిలోనే వినిపిస్తోంది. ఎంత పని చేసిందీ! ప్రేమకొద్దీ చేసిందే, ఎవరితో చెప్పుకుంటుంది?

కాసేపటికి దగ్గు తెరిపిచ్చింది. ఆపేసిన ఫోన్ తెర దానంతటదే వెలిగింది. అదే గది, అదే వీపు. మొదటిసారి రంగులు కాని మాట పలికాడు.

"కుమారీ... తలుపు గడియ ఎవరు పెట్టారే?"

ఇరవై ఆరేళ్ళలో ఆయనకి ఒక్క అబద్ధం చెప్పి ఎరగదు.

"నేను కాదండీ," అంది.

"ఎక్కణ్ణుంచే మాట్లాడుతున్నావ్?"

"గుమ్మంలో ఉన్నానండీ... ఇక్కడే..."

తెరలో ఆ బొమ్మ తల కొంచెం, కొంచెంగా, పక్కనున్న ఖాళీ చోటు వైపు తిరిగింది.

"మరి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నదెవరే?"