స్తుతికి లేని ఆదివారం

ఆదివారం విశ్రాంతి దినమని పేతురు ఇంట్లో ఆనాడు పొయ్యి వెలగదు. శనివారం సాయంత్రమే ఆయన భార్య మగ్దలేనమ్మ పులిహోర కలిపి, గుడ్లు ఉడకబెట్టి మూతలు పెట్టేస్తుంది. బట్టల ఇస్త్రీ, చెప్పులు తుడవడం, బిందెలు నింపడం అన్నీ శనివారమే అయిపోవాలి. పేతురు కరీంనగర్ పక్కన గ్రానైటు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్లు రాళ్లకు పాలిష్ పట్టిన మనిషి. అన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా మిషన్ ముట్టలేదు. యజమాని పనిలోంచి తీసేస్తానన్నా ముట్టలేదు. ఆ సంగతి ఇంటికి ఎవరొచ్చినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

ఆ ఆదివారం ఉదయం కూడా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కొడుకు జోయల్ ఇంకా మంచం దిగలేదు. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, వారమంతా నిలబడే ఉద్యోగం, పాపం పడుకోనీ అని ఇంట్లో అందరూ అంటారు. కోడలు స్తుతి మాత్రం ఆరింటికే లేచి, లోపలి గదిలో నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. ఆమె ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. అది ఆరు రోజుల పని. ఏడో రోజు చర్చికి పాటలు రాస్తుంది, వాటికి రాగాలు కడుతుంది. పన్నెండేళ్లుగా చేస్తున్నా దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనలేదు.

ఏడున్నరకు ఫోన్ మోగింది. చర్చి పాటల బృందాన్ని నడిపే బెన్నీ.

"అక్కా, కోత పండుగ ఇంక రెండు వారాలే ఉన్నది. పాట అయిందా?"

"కాలే బెన్నీ. దాని ముంగటనే కూసున్న."

"నెల సంది గదే చెప్తున్నవ్ గదక్కా. నాలుగు చరణాలు రాసుడు నీకెంత సేపు? ఈసారి చెన్నూరు చర్చోళ్లు గూడ మన పండుగకు పాడనీకి వస్తుండ్రు. వాళ్ల ముంగట తగ్గితే మంచిగుండదు."

స్తుతి ఫోన్ పక్కన పెట్టిందో లేదో మగ్దలేనమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"బిడ్డా, మహిళా సంఘపోళ్లు గూడ ఒక పాట అడిగిన్రు. చిన్నదే, రెండు చరణాలు చాలట. రాసిస్తదని చెప్పిన."

"నన్ను అడగకుండనే చెప్పినవా అత్తమ్మా? ఇయ్యాల నాతోని కాదు."

"ఎందుకు కాదు? ఇయ్యాల బడి లేదాయె. పాట రాయుడు పనా బిడ్డా, చేతులు కాయలు కాస్తయా? దేవుడిచ్చిన వరమది."

వరండాలోంచి పేతురు కూడా అందుకున్నాడు. "నా కోడలు కలం పడితే పాట దానంతట అదే వస్తదని మొన్న పాస్టరయ్యగారితోని గూడ చెప్పిన."

స్తుతికి ఒళ్లు మండిపోయింది. పాట దానంతట అదే వచ్చేదైతే, పల్లవి పదకొండుసార్లు ఎందుకు కొట్టేసింది? రాసిన ప్రతి మాటా ఎప్పుడో రాసినట్టే ఉంది. పొలం, పంట, కృతజ్ఞత. ఏ మాట పట్టుకున్నా అరిగిపోయిన చెప్పులా జారిపోతోంది. చర్చికి వెళ్లి వచ్చి మళ్లీ కూర్చుంది. జోయల్ తిని మళ్లీ పడుకున్నాడు. మామగారు గురక పెట్టారు. ఆమె మాత్రం కళ్లు మండుతున్నా గోడకేసి చూస్తూ రాగం కోసం వెతుకుతూనే ఉంది.

నాలుగున్నరకు ఉన్నట్టుండి రాగం దొరికింది. ఎక్కడా తడబాటు లేకుండా మొత్తం ఒకేసారి నోట్లోకి వచ్చేసింది. స్తుతి పొంగిపోయింది. అరగంటలో నాలుగు చరణాలు రాసి, ఫోన్‌లో పాడి బెన్నీకి పంపించింది. మహిళా సంఘం పాట సంగతి ఆలోచించే ఓపిక కూడా మిగల్లేదు.

కోత పండుగ నాడు చర్చి నిండిపోయింది. గుమ్మడికాయలు, మక్క కంకులు, వడ్ల బస్తాలు బలిపీఠం ముందు పేర్చారు. పేతురు ముందు వరుసలో కూర్చుని, ఈసారి కొత్త పాట మా కోడలిదేనని అటూ ఇటూ చెబుతున్నాడు. అతిథులని చెన్నూరు బృందాన్ని మొదట పాడమన్నారు. వాళ్లు రెండో లైనుకు వచ్చేసరికి స్తుతి రాగం గుర్తుపట్టింది. మూడేళ్ల కిందట చెన్నూరువాళ్లు అడిగితే తానే కట్టిచ్చిన రాగం అది. మొన్న దొరికిందనుకున్నదీ అదే. మాటలే వేరు.

ఆపమని సైగ చేసేలోపే బెన్నీ బృందం లేచింది. మొదటి లైనుకే వెనక బెంచీల్లో గుసగుసలు. రెండో లైనుకు ఎవరో కిసుక్కున నవ్వారు. బెన్నీ ముఖం ఎర్రబడింది, అయినా పాపం నాలుగు చరణాలూ పూర్తిచేశాడు. ప్రార్థన అయ్యాక చెన్నూరు సంఘ పెద్ద అంతయ్య పేతురు దగ్గరకు వచ్చి, "మా పాట మాకే తిరిగి వినిపించిన్రు, మంచిగున్నది," అని భుజం తట్టి వెళ్లాడు.

ఇంటి గేటు దాటగానే పేతురు మొదలుపెట్టాడు.

"నలుగురిల తల ఎత్తకుండ చేసినవ్. చెన్నూరోళ్లకు ఇచ్చింది మల్ల మనోళ్లకు ఎట్లిచ్చినవ్? తెలిసే ఇచ్చినవా?"

"లేదు మామయ్యా. కొత్తదే అనుకున్న."

"నువ్వు కట్టిన రాగం నీకు తెలువకపోవుడేంది?"

"తెలువలే," అంది స్తుతి. "గదే నాకు భయమైతున్నది. నా పాట నేనే గుర్తుపట్టలేదు. లోపల ఏం మిగల్లేదు నాకు. ఇగ నేను రాయ. ఎవ్వలకూ రాయ."

జోయల్ సర్దిచెప్పబోయాడు. "ఊకో స్తుతీ. ఒక్కసారి పొరపాటైతే మొత్తం ఇడిచిపెడ్తరా? క్రిస్మస్‌కు మంచిది రాయి, అందరు ఇది మర్చిపోతరు."

ఆ మాటతో స్తుతి ఓపిక తెగిపోయింది.

"క్రిస్మస్‌కా? అప్పుడే ఇంకో పాట అడుగుతున్నవా? నువ్వు ఇంటికొచ్చి ఏనాడన్న రక్తపరీక్షలు చేసినవా? మామయ్యా, మీరు ముప్పై రెండేండ్లు ఆదివారం మిషన్ ముట్టలేదని ఊరంత చెప్తరు. ఈ ఇంట్ల పొయ్యికి గూడ ఆదివారం ఉన్నది. సోమవారం నుంచి శనివారం దాకా నాకు బడి. ఆదివారమొస్తే పాట. నా ఆదివారం ఏది? పన్నెండేండ్ల సంది ఒక్కరోజన్న ఉట్టిగ కూసున్ననా, ఎవలన్న చూసిన్రా?"

స్తుతి కొంగుతో ముఖం కప్పుకుని గోడకు చేరగిలబడింది. పేతురు ఏదో అనడానికి నోరు తెరిచాడు, కానీ మగ్దలేనమ్మ అడ్డొచ్చింది.

"నువ్వు ఊకో. తప్పు నాదే. పెండ్లయి వచ్చినప్పుడు ఆదివారం పొయ్యి ముట్టించబోతే నా చెయ్యి పట్టుకుని కూసోబెట్టినవ్. నువ్వు గూడ మనిషివే, కూసో అన్నవ్. గా మాటకు నేను ఆనాడు ఏడ్చిన. మరి గీ పిల్లను ఏ ఆదివారమన్న మనం కూసోబెట్టినమా? పైనుంచి నేనే ఇంకో పాట ఒప్పుకుని వచ్చిన."

పేతురు కుర్చీలో కూలబడ్డాడు. తన అరచేతులకేసి చూసుకున్నాడు.

"తెరిపి లేకుండ పాలిష్ పడితే చెయ్యికి రాయి తెలువదు బిడ్డా," అన్నాడు. "ఏడ నునుపైందో, ఏడ గరుకున్నదో ఆనదు. నాతోని పనిచేసే సోపతిగాళ్లు గట్లనే మంచి మంచి రాళ్లు ఖరాబు చేసిన్రు. నాకు తెలిసిన ముచ్చటే. నీది గూడ గట్లాంటిదేనని తోచలే. చెమట కనబడలే, అందుకే పని అనుకోలే."

అప్పటికప్పుడే పాస్టరుగారికి ఫోన్ చేశాడు.

"అయ్యగారూ, క్రిస్మస్‌కు పాత పాటలే పాడుదాం. మా స్తుతి రాయది. లేదయ్యా, పానం మంచిగనే ఉన్నది. సెలవుల ఉన్నది. ఎన్ని రోజులంటే... ఆమె చెప్పేదాక. మీరు బెన్నీకి గూడ చెప్పుండ్రి."

తర్వాతి ఆదివారం స్తుతి చర్చి నుంచి వచ్చి పడుకుంది. ఆ పై ఆదివారమూ అంతే. మొదట్లో తప్పు చేస్తున్నట్టు ఉలిక్కిపడి లేచేది. మెల్లగా అదీ తగ్గింది. పాట మాత్రం రాలేదు. వస్తుందో రాదో కూడా ఆమెకు తెలియదు.

ఐదో ఆదివారం మధ్యాహ్నం జోయల్ వరండాలో తండ్రి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు. "బాపూ, నెల దాటింది. కొత్తది ఏమన్న తోచిందా అని ఒక్కసారి అడిగి చూడనా?"

"అడగకు," అన్నాడు పేతురు. "అడిగితే అది గూడ ఆమెకు పనే అయితది. పాట వస్తే మంచిదే. రాకున్నా ఆమె మన పిల్లనే."

లోపల మంచం మీద ఉన్న స్తుతికి ఆ మాటలన్నీ వినబడ్డాయి. కళ్లలోంచి నీళ్లు జారి దిండు మీద పడ్డాయి. లేచి వెళ్లి మామగారితో ఏదైనా చెప్పాలనుకుంది. మళ్లీ ఎందుకులే, ఆదివారమే కదా అనుకుని, అటు తిరిగి పడుకుంది.